కూతకు ఒక బొమ్మ: ఆటల ఫోటోలు చూసి గీయించడం, గీస్తూ మాట్లాడించడం

(ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల తరగతులకు)

ఆటగాడి బొమ్మ గీయమంటే మన పిల్లలు ఏం గీస్తారో ఒకసారి గమనించండి. ముందు గుండ్రటి తల. అందులో కళ్ళు, నవ్వు. తర్వాత చొక్కా, దాని మీద నంబరు. ఆఖర్న రెండు కాళ్ళు, నిటారుగా, పక్కపక్కన. చేతిలో ఒక బ్యాటు పెట్టేసి "అయిపోయింది టీచర్" అంటారు. కాగితం మీద ఆటగాడున్నాడు, ఆట లేదు.

అదే పిల్లల్ని ఆ ఆట గురించి తెలుగులో చెప్పమనండి. "అతను రన్ చేస్తున్నాడు. జంప్ చేశాడు. బాల్ క్యాచ్ చేశాడు." పేర్లు కొన్ని వస్తాయి, పనుల పేర్లు రావు. క్రియ కావలసిన చోటికల్లా ఒక ఇంగ్లీషు మాట తెచ్చి దానికి "చేశాడు" తగిలిస్తారు. (మనం మాత్రం? నిన్న సాయంత్రం ఇంట్లో ఎన్నిసార్లు "చెక్ చేశావా, ఫినిష్ చేశావా" అన్నామో లెక్కపెట్టుకుంటే పిల్లల్ని ఏమీ అనలేం.)

ఈ రెండూ ఒకే లోపం అని నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది. బొమ్మలోనూ వాక్యంలోనూ కూడా మన పిల్లలు మనిషిని చెబుతున్నారు, మనిషి చేస్తున్న పనిని చెప్పడం లేదు. అందుకే ఈ పాఠంలో బొమ్మనీ మాటనీ కలిపి నేర్పుదాం. మీకు బొమ్మలు రావాల్సిన పని లేదు. నాకూ అంతంతమాత్రమే.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ముందే చెప్పేస్తాను, మీరు చెయ్యకుండా ఉంటారు. ఆటగాళ్ళ ఫోటోలు ప్రింటు తీసి, పైన పల్చటి కాగితం పెట్టి, అంచులు దిద్దించాను. బొమ్మలు చక్కగా వచ్చాయి. తల్లిదండ్రులు మెచ్చుకున్నారు. క్లాసు మాత్రం నిశ్శబ్దం, గంటలో ఒక్క తెలుగు మాట లేదు. పైగా మర్నాడు ఫోటో లేకుండా గీయమంటే మళ్ళీ ఆ నిటారు కాళ్ళే. అంచు వెంబడి పెన్సిలు పోనివ్వడంలో కన్ను పనిచేస్తుంది కానీ ఆ ఒళ్ళు ఎందుకు అలా వంగిందో బుర్రకి ఎక్కదు. దిద్దడం తప్పని నేను అనను, చివర్న సరిచూసుకోవడానికి పనికొస్తుంది. మొదలు మాత్రం అక్కడ పెట్టకండి.

ఏ ఫోటో?

తల నుంచి కాళ్ళ దాకా మొత్తం కనిపించాలి. పాదాలు తెగిపోయిన ఫోటోలో ఆటగాడు దేన్ని తన్ని లేచాడో తెలియదు. పక్క నుంచి తీసినది అయితే మొదట్లో సులువు. ఎదురుగా తీసిన ఫోటోలో మనవైపు చాచిన చెయ్యి పొట్టిగా, అరచెయ్యి తలంత పెద్దగా కనబడుతుంది. పిల్లలు తమ కంటిని నమ్మరు, "చెయ్యి ఇంత పొడవుండాలి కదా" అని సరిచేసేస్తారు, బొమ్మ పాడవుతుంది. అలాంటివి రెండు నెలల తర్వాత చూద్దాం. వదులు బట్టల కంటే ఒంటికి అతుక్కున్న ఆటబట్టలు మేలు; మోకాలు, మోచెయ్యి ఎక్కడున్నాయో కనిపిస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫోటో ఏ క్షణానిది అన్నది. బంతి బ్యాటుకి తగిలిన క్షణం బాగుంటుందని అందరం అనుకుంటాం. నా అనుభవంలో దానికి కాస్త ముందుదో, కాస్త వెనకదో ఎక్కువ ఊపుగా ఉంటుంది. బాణం వదిలాక కంటే వింటిని లాగి పట్టుకున్నప్పుడే కదా మనం ఊపిరి బిగబట్టేది. ఈ తేడా మన భాషలో ఎంత సులువుగా దొరుకుతుందో చూడండి: కొట్టబోతున్నాడు, కొడుతున్నాడు, కొట్టేశాడు. ఫోనులో ఒక స్మాష్ వీడియో స్లోమోషన్‌లో తీసి, మూడు చోట్ల ఆపి చూపించండి. ఏ చిత్రానికి ఏ మాటో పిల్లలు తామే అతికిస్తారు. "-బోతున్నాడు" అనే రూపం పుస్తకంలో ఎన్నిసార్లు చెప్పినా పట్టుబడని పిల్లలకి ఇది ఒక్క పూటలో వచ్చింది.

కదలికని ఆపి చూడటం ఎంత అవసరమో చెప్పడానికి పెద్ద పిల్లలకి గుర్రం కథ చెప్పండి. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ గాల్లోకి లేస్తాయా, లేస్తే ఎప్పుడు? తరతరాల చిత్రకారులు ముందు కాళ్ళు ముందుకీ, వెనక కాళ్ళు వెనక్కీ చాపి గాల్లో తేలే గుర్రాన్ని వేశారు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ పందెపు గుర్రాలు అలాగే ఉంటాయి. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, ఇప్పుడు మనవాళ్ళు బోలెడుమంది ఉద్యోగాలు చేస్తున్న చోటే, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి గుర్రం పరుగును ముక్కలు ముక్కలుగా ఫోటో తీశాడు. నాలుగు కాళ్ళూ లేస్తున్న మాట నిజమే. కానీ చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు! అంతమంది గొప్ప చిత్రకారుల కళ్ళు కూడా పొరబడ్డాయంటే, మన ఎనిమిదేళ్ళ పాప మోకాలు ఎటు వంగుతుందో పొరబడటంలో వింతేముంది?

అన్నిటికంటే మంచి ఫోటోలు మన పిల్లలవే. వాళ్ళ సాకర్ మ్యాచ్‌లో, కూచిపూడి క్లాసు పక్కన జరిగే కరాటే క్లాసులో మీరు తీసినవి. అయితే వేరే పిల్లల ఫోటోలు వాడే ముందు వాళ్ళ అమ్మానాన్నల్ని అడగండి, పాఠం అయ్యాక తీసెయ్యండి. పత్రికలో వచ్చిన ఫోటో చూసి గీసిన బొమ్మ సాధనకి సరే. బడి సావనీరులో అచ్చువేసే బొమ్మకి మాత్రం మనం తీసిన ఫోటోయే ఆధారంగా పెట్టుకుందాం. ఎవరో ఎండలో గంటలు నిలబడి తీసిన ఫోటోని దాదాపు అలాగే దించి మన పేరు పెట్టుకోవడం బాగుండదు.

ఊపు గీత

ఇప్పుడు అసలు సంగతి. కబడ్డీ ఫోటో ఒకటి తీసుకుందాం. మన ఊళ్ళల్లో చెడుగుడు అనేది ఇదే. కూతకు వెళ్ళినవాడు అవతలి గడిలో ఎడమకాలి మీద ఒరిగి, కుడికాలు వెనక్కి చాపాడు. ఆ మడమ అవతలివాడి మోకాలికి జానెడు దూరంలో ఉంది.

పిల్లల్ని అడగవలసిన మొదటి ప్రశ్న "ఇందులో ఎవరున్నారు" కాదు. "ఏం జరుగుతోంది?" అని. జవాబు ఒక్క క్రియలో రావాలి: తాకబోతున్నాడు. సరే, ఆ తాకడం ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతోంది? వేలితో గాల్లో చూపించమనండి. తల దగ్గర మొదలై, వీపు మీదుగా, నడుము దగ్గర వంపు తిరిగి, చాచిన కాలి మడమ దాకా ఒక్క గీత. దాన్ని కాగితం మీద ఒక్క విసురులో గీయాలి. మణికట్టు తిప్పి కాదు, భుజం నుంచి చెయ్యంతా ఊపి గీయాలి. దీన్నే మా క్లాసులో ఊపు గీత అంటాం. తల, చేతులు, మిగతా కాలు అన్నీ ఆ గీత మీదకి తర్వాత వచ్చి చేరతాయి.

ఊపు గీత నిటారుగా ఉంటే బొమ్మ నిలబడిపోతుంది. విల్లులా వంగితేనో, పాములా మెలిక తిరిగితేనో బొమ్మ కదులుతుంది. ఫోటోలో ఉన్న వంపు కంటే పిల్లలు కాస్త ఎక్కువ వంచినా మంచిదే, ఆపకండి. అందరూ తక్కువే వంచుతారు. భయం కొద్దీ చెయ్యి నిటారువైపు లాగుతుంది.

గీత పడ్డాక పిల్లలు వాక్యం చెబుతారు: "ఎడమ మోకాలు వంచి, నడుము తిప్పి, కుడికాలు వెనక్కి చాపి, మడమతో తాకబోతున్నాడు." వంచి, తిప్పి, చాపి అన్నీ అసమాపక క్రియలు. ఆఖరిది ఒక్కటే సమాపకం. ఇంగ్లీషు అలవాటున్న పిల్లలు "మోకాలు వంచాడు అండ్ నడుము తిప్పాడు అండ్ కాలు చాపాడు" అంటారు. మూడు ముక్కలు అవుతాయి. మన వాక్యంలో చిన్న చిన్న పనులన్నీ ఒక పెద్ద పనికి లొంగి ఉంటాయి. మంచి ఆటబొమ్మ కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. వంచిన మోకాలు, తిప్పిన నడుము అన్నీ ఆ మడమ కోసమే. ఒక్క తేడా, మాటలో ఆఖర్న వచ్చే క్రియ బొమ్మలో మొదటి గీత అవుతుంది. బోర్డు మీద వాక్యం రాసి, ఆఖరి క్రియ కింద రంగు సున్నా చుట్టి, అదే రంగుతో ఊపు గీత గీసి చూపించండి. వేరే వివరణ అక్కర్లేదు.

ఇంకో మేలు కూడా ఉంది. "చెయ్యి వంగాడు", "నడుము తిరిగాడు" అని పిల్లలు తప్పుగా అంటూ ఉంటారు. నడుము వంగింది, నడుము వంచాడు. చక్రం తిరిగింది, చక్రం తిప్పాడు. వ్యాకరణం పేరెత్తకుండా, లేచి నిలబడి నడుము వంచుతూ నేర్పవచ్చు.

బరువు ఎక్కడుంది?

ఊపు ఉన్నా బొమ్మ గాల్లో తేలుతున్నట్టో, పడిపోతున్నట్టో అనిపిస్తే బరువు తప్పిందన్న మాట. గోడ నిలువు చూడ్డానికి మేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు కదా, అలాంటి దారాన్ని మెడ కింది గుంట నుంచి వేలాడదీసినట్టు ఊహించుకోమనండి. ఒంటికాలి మీద కదలకుండా నిలబడ్డవాడికి ఆ దారం ఇంచుమించు ఆ కాలి చీలమండ దగ్గర పడుతుంది. పరుగు మొదలుపెట్టేవాడికి పాదాలకి ముందు పడుతుంది. అందుకే వాడు ముందుకు పోతున్నట్టు కనిపిస్తాడు. ఫోటో మీద స్కేలు నిలువుగా పెట్టి చూస్తే చాలు.

పిల్లలు నమ్మకపోతే ఒక ఆట ఆడించండి. మడమలు, నడుము వెనకభాగం గోడకి ఆనించి నిలబడి, మోకాళ్ళు వంచకుండా, పాదాల ముందున్న పెన్సిలు తీయమనండి. ఎవరి వల్లా కాదు. వెనక్కి జరగడానికి చోటు లేక ముందుకు తూలతారు. (ముందు ఒక దిండు పెట్టండి, మాస్టార్లు కూడా సరదా పడతారు.) తూలడం, ఒరగడం, ఆనడం, నిలదొక్కుకోవడం: ఈ నాలుగు మాటలూ ఆ రెండు నిమిషాల్లో ఒంటికి తెలిసిపోతాయి.

ఊపు అంటే వేగం ఒక్కటే కాదని కూడా ఇక్కడే చెప్పాలి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆవిడ. బరువు తలపైకి ఎత్తి నిలిపిన లిఫ్టరు ఫోటో ఏదైనా చూడండి. కదలిక లేదు. అయినా ఆ నిలువు గీతలో ఉన్న బిగువు పరుగుపందెంలో కూడా ఉండదు. గుండు దారం సరిగ్గా రెండు పాదాల మధ్య పడుతుంది. దీనికి పక్కన పి.వి. సింధు నెట్ దగ్గర వంగి షటిల్ అందుకుంటున్న ఫోటో పెట్టండి. కుడిచేతి ఆటగత్తె కాబట్టి కుడికాలు ముందుకు వేసి, మోకాలు బాగా వంచి, రాకెట్ ముందుకు చాచి ఉంటుంది. ఆ ఎడమచెయ్యి ఏం చేస్తోంది అని అడగండి. సాధారణంగా వెనక్కి చాచి ఉంటుంది, ముందుకు పోయిన బరువుకి సరితూకంగా. పిల్లలు ఆ చేతిని మర్చిపోతారు, లేదా పక్కన వేలాడదీస్తారు. ఆ ఒక్క చెయ్యి సరిచేస్తే బొమ్మ లేచి కూర్చుంటుంది.

ఒంటి మాటలు

తల, చెయ్యి, కాలు, కడుపు మన పిల్లలందరికీ వచ్చు. మధ్యలో ఉన్నవి రావు. భుజం, మోచెయ్యి, ముంజేయి, మణికట్టు, నడుము, తుంటి, తొడ, మోకాలు, పిక్క, చీలమండ, మడమ, అరికాలు, మునివేళ్ళు. ఇంట్లో ఎప్పుడు అవసరం వస్తాయి చెప్పండి? దెబ్బ తగిలినప్పుడు తప్ప రావు, అప్పుడు కూడా డాక్టరుతో ఇంగ్లీషులోనే. బొమ్మ గీసేటప్పుడు ఇవన్నీ ఒక్కో చుక్క. ఊపు గీత పడ్డాక కీళ్ళ దగ్గర చుక్కలు పెట్టి, ఒక్కోటీ పేరు చెబుతూ కలపాలి. పేరు చెప్పకుండా చుక్క పెట్టకూడదన్నది మా క్లాసు నియమం.

కొలతకి తలని వాడండి. ఎదిగిన మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు, ఎనిమిదేళ్ళ పిల్లలు సుమారు ఆరు తలలు. మన శిల్పులు కూడా ముఖాన్నే కొలతగా తీసుకుని దాన్ని తాళం అన్నారు. కానీ వంగి, ముడుచుకుని ఉన్న ఒంటికి ఈ లెక్క నేరుగా పనిచెయ్యదు కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టకండి.

ఇక యాస సంగతి. ఒక తల్లి "ఉరుకుతున్నడు" అంటుంది, ఇంకొకరి నాన్న "పరిగెడుతున్నాడు" అంటాడు. ఒకరు దుంకితే ఇంకొకరు దూకుతారు, ఒకరు గుంజితే ఇంకొకరు లాగుతారు. ఏది సరైనది అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. రెండూ బోర్డు మీద రాయండి. పాప నాన్నమ్మ ఇంట్లో అనే మాటని బడిలో తప్పు అంటే, ఆ మాటతో పాటు నాన్నమ్మతో మాటలు కూడా తగ్గిపోతాయి. ఇది నేను చూశాను.

క్లాసులో ఎలా

కబడ్డీలో ఒక కూతకి 30 సెకన్లు. మా బొమ్మకీ అంతే. ఒకరు ముందుకొచ్చి ఫోటోలోని భంగిమలో నిలబడి "కబడ్డీ కబడ్డీ" అనో "చెడుగుడు చెడుగుడు" అనో కూత పెడతారు, మిగతావాళ్ళు గీస్తారు. ఊపిరి తెగినా గడియారం చూస్తూ మీరు కొనసాగించండి. కూత ఆగితే పెన్నులు పైకి. రబ్బరు ఇవ్వకండి, తుడుచుకుంటూ కూర్చుంటే 30 సెకన్లూ తలకే అయిపోతాయి. లావు స్కెచ్‌పెన్ను, చౌక కాగితాల కట్ట చాలు. అద్దె గది కాబట్టి ఉతికితే పోయే రంగులే కొనండి. అలా పది కూతలు అయ్యాక, ఒక్కొక్కరు తమకి నచ్చిన ఒక బొమ్మ ఎంచుకుని పది నిమిషాలు నిదానంగా, ఫోటో చూస్తూ పూర్తిచేస్తారు. కింద వాక్యం రాస్తారు. ముఖం, చొక్కా నంబరు అన్నిటికంటే ఆఖర్న.

మొదటి పది నిమిషాలు బొమ్మలన్నీ గజిబిజి గీతల్లాగే ఉంటాయి. బాగా గీసే పిల్లలకే ఎక్కువ కష్టం. చేతికి పట్టుబడిన చక్కదనం వదులుకోవాలి కదా. వాళ్ళని గమనించుకోండి, ఒకరిద్దరికి కళ్ళలో నీళ్ళు కూడా వస్తాయి. "ఇది పారేసే కాగితం" అని ముందే చెప్పడం మంచిది.

మా క్లాసులో ఒక పదేళ్ళ అబ్బాయి రెండేళ్ళు వెనక బెంచీలో కూర్చున్నాడు. అడిగినది అర్థమయ్యేది, జవాబు ఇంగ్లీషులో వచ్చేది. బడి మానిపించేద్దామా అని వాళ్ళ అమ్మ నన్ను అడిగింది కూడా. మూడో వారం నేను బోర్డు మీద లాంగ్‌జంప్ బొమ్మ వేస్తుంటే వెనక నుంచి వాడి గొంతు: "టీచర్, తుంటి రాంగ్‌గా ఉంది." నిజంగానే రాంగ్‌గా ఉంది. వాణ్ణే వచ్చి సరిచెయ్యమన్నాను. వచ్చాడు, కాళ్ళు ఇంకా ముందుకు చాపాలని చూపించాడు. "చాపి..." అని ఆగి, నా వైపు చూశాడు. నేను అందించలేదు. "దూకుతున్నాడు" అని వాడే పూర్తిచేశాడు. మర్నాటి నుంచి గడగడా మాట్లాడేశాడని చెప్పను. ఇప్పటికీ సగం ఇంగ్లీషే. కానీ నా తప్పులు పట్టుకోవడానికి మాత్రం తెలుగే వాడతాడు.

తల్లిదండ్రులకి ఒక మాట. ఇంట్లో దీనికోసం విడిగా టైము పెట్టక్కర్లేదు. టీవీలో మ్యాచ్ చూస్తున్నప్పుడు ఒక్క చోట ఆపి, "ఇప్పుడు ఏం చెయ్యబోతున్నాడు?" అని అడగండి. జవాబు ఇంగ్లీషులో వస్తే సరిదిద్దకండి, మీరే తెలుగులో ఒకసారి అనేసి మళ్ళీ ప్లే నొక్కండి. పిల్లలు గీసిన బొమ్మ చూపిస్తే "సూపర్" అని వదిలెయ్యకుండా, ఆ భంగిమలో మీరు నిలబడటానికి ప్రయత్నించండి. మీరు పడిపోతే బొమ్మలో బరువు ఎక్కడో తప్పింది, లేదా మీ మోకాళ్ళు. ఏది అన్నది పిల్లలే తేలుస్తారు, అదీ తెలుగులో తేల్చమనండి.

వచ్చే శనివారానికి ఒక్కో ఇంటి నుంచి ఒక ఫోటో కావాలి. మీ పిల్లలు ఏ ఆట ఆడుతున్నదైనా సరే, పక్క నుంచి తీసినది, మునివేళ్ళ నుంచి తల దాకా కనిపించేది. శుక్రవారం రాత్రిలోపు మీ క్లాసు టీచరుకి పంపండి. ప్రింట్లు మేం తీసుకొస్తాం.